వడియాల్లా ఆరబెట్టిన సబ్బులు

సంతోష్‌నగర్‌లోని మా ఇంట్లో పొద్దున్నుంచి కొత్త సబ్బు వాసన. నా మనవరాలు శ్రావ్య తన చేత్తో చేసిన గులాబీపూల సబ్బులను బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో తిప్పి చూస్తూ మొహం ముడుచుకుంది. పూల రేకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి పొర. "గిట్లయితే ఎవరు కొంటరు అమ్మమ్మా, అన్నీ పడేస్త" అంది. పడేయడమనే మాట నా ఎదుట ఎవరూ అనరు. పళ్లెం నా వైపు లాక్కున్నాను. ఆ పొరను నేను ఎరుగుదును. మా అమ్మను ఒక రోజంతా వణికించింది.

నా చిన్నప్పుడు మేం పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో ఉండేవాళ్లం. ముందు బాపు కిరాణా దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో బండలు పరిచిన వాకిలి. ఎండలు ముదిరాయంటే ఆ వాకిలిలో కాలు పెట్టే చోటుండేది కాదు. ఒక మంచం మీద బియ్యప్పిండి వడియాలు, ఇంకో మంచం మీద ఉప్పు పట్టించిన మిరపకాయలు, మెట్ల మీద బొగ్గుతో గీసుకున్న అష్టాచెమ్మా గళ్లు, గోడవతల నుంచి కేవ్డా అత్తరు వాసన, పావురాల రెక్కల చప్పుడు. మూడో తరగతితో బడి మానిపించారు కనుక నా చదువంతా ఆ వాకిలిలోనే సాగింది.

గోడవతల ముంతాజ్ ఖాలా ఇల్లు. ఆమె బిడ్డకు పెళ్లి కుదిరింది. మాంజా రోజు పెళ్లిపిల్లకు పసుపు బట్టలు కట్టి, నలుగు పెట్టి స్నానం చేయిస్తారు. ఆ స్నానానికి, వచ్చిన ఆడవాళ్లకు పంచడానికి పూల సబ్బులు చేసిమ్మని ఖాలా గోడ మీదుగా అమ్మను అడిగింది. "బజార్ వాలా నక్కో. నీ చేతిదే కావాలె" అంది. అంతవరకు అమ్మ సబ్బు మా ఇల్లు దాటలేదు. ఆ రోజంతా అమ్మ నడకే మారిపోయింది.

బాపుకి మాత్రం నచ్చలేదు. "పిల్లలు తిరిగే ఇల్లు, చెయ్యి తగిలితే కాలే సోడాతోని పని ఏంది? ఒక్కసారి చెయ్యి. వాళ్లు వాపస్ ఇచ్చిన్రనుకో, ఇగ ఈ ఇంట్ల సబ్బు పొయ్యి ఎక్కొద్దు" అన్నాడు. బాపు మాట అంటే అంతే.

హోళీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు, అంటే బిళ్లల దండలు, పోసే పూల చెక్క అచ్చులు మా అటక మీద ఉండేవి. అమ్మ వాటిని నానబెట్టి, అందులో సబ్బు పోసింది. గట్టిపడీ పడకముందే పూలను ఊడదీసి, తనకు తెలిసిన పద్ధతిలోనే పల్చటి బట్ట మీద, గాలి బాగా ఆడేచోట, వడియాల పక్కనే నీడకు ఆరబెట్టింది. రెండోనాటికి రేకుల అంచుల్లో తెలుపు కనబడింది. ఆరితే పోతుందనుకుంది. ఆరేకొద్దీ పెరిగింది.

మాంజా రోజు పొద్దున మా నాయనమ్మ వచ్చి చూసింది. "బూజు పట్టింది గదనే! పెండ్లింటికి బూజు సబ్బులు పంపుతవా?"

"బూజు కాదత్తా" అంది అమ్మ. తడిగుడ్డతో ఒకదాన్ని తుడిచింది. తెలుపు పోయింది, దానితో పాటు రేకుల గీతలూ పోయాయి. గుండ్రాయిలా మిగిలిన ఆ పువ్వును నాయనమ్మ లాక్కుంది. "అంట్లు తోమనీకైన పనికొస్తది" అంటూ బట్ట మీది నుంచి తెల్లబడ్డ ఇంకోదాన్ని కూడా తీసుకెళ్లి, రెంటినీ పొయ్యిగట్టు మీద, ఉడుకుతున్న బియ్యం గిన్నె పక్కన పడేసింది. గోడవతల ఢోలక్ మొదలైంది. నేను చింతగింజలు గుప్పిట్లో పట్టుకుని మెట్టు మీదే కూర్చుండిపోయాను.

గంజి వార్చడానికి వచ్చిన అమ్మ ఆగిపోయింది. గిన్నె ఆవిరి తగిలిన వైపు పువ్వు నిగనిగలాడుతోంది. రెండో వైపు తెలుపు అలాగే ఉంది.

కుడుములు ఉడికించే గిన్నెను పొయ్యి మీదికెక్కించింది, మూతికి బట్ట కట్టింది, పువ్వులు దాని మీద పెట్టింది. మొదటి పువ్వు మెత్తబడి ఒరిగింది. అమ్మ పెదవి కొరుక్కుని, ఆ బట్ట పీకేసి, ఒక్కో సబ్బును వేళ్లతో పట్టుకుని ఆవిరిలో తిప్పసాగింది. వేళ్లు కమిలిపోయాయి. "చెయ్యి కాలుతాందే, నాకియ్యి" అని నాయనమ్మ కొంగు చుట్టుకుని పక్కన కూర్చున్నది ఎప్పుడో నేను చూడనే లేదు.

"సాబూన్ హో గయే క్యా, సబ్బులయినయా?" అంటూ ఖాలా లోపలికి రానే వచ్చింది. దుకాణం గల్లా దగ్గర్నుంచి బాపు లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఖాలా ఒక పువ్వు తీసి వెలుగులో పట్టింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఒరిగిపోయినదాన్ని కూడా తీసింది.

"ఇదెందుకు పక్కకి పెట్టినవ్?"

"ఆపా, అది... ఒరిగింది."

"మా పిల్ల గూడ సిగ్గుతోని గిట్లనే ఒరిగి కూసున్నది. మొదలు దీంతోనే స్నానం" అని నవ్వి, సబ్బులన్నీ తట్టలోకెత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు బాపు దుకాణం నుంచి తాళం ఉన్న చిన్న డబ్బా తెచ్చి అటక మీద పెట్టాడు. "సోడా దీంట్ల పెట్టు. తాళంచెవి నీ దగ్గరనే ఉండాలె" అన్నాడు అమ్మతో. పచ్చి సబ్బుకు గాలి తగలడం వల్లే ఆ తెలుపు పట్టిందని తెలిసి, ఆ తరవాత సబ్బు పోసినప్పుడల్లా అమ్మ పెరుగు తోడేసినట్టు మూత పెట్టి, దుప్పటి కప్పేది.

ఆ వాకిలి ఇప్పుడు లేదు. అక్కడ మూడంతస్తులు లేచాయి. గోడ మీదుగా పిలిచేవాళ్లూ లేరు. శ్రావ్యకు చెప్పేలోపే అది ఫోన్‌లో చూసి, బట్టల ముడతలు తీసే ఆవిరి మిషన్ తెచ్చుకుంది. ఒక్క సబ్బును మాత్రం దాని చేతికివ్వకుండా స్నానాలగదిలోకి తీసుకుపోయాను.

గుడ్డతో రుద్దకుండా, దాని మీద ఒక చెంబు నీళ్లు పోశాను. తెలుపంతా పోయింది, రేకులు మాత్రం అలాగే ఉన్నాయి. అమ్మ వేళ్లు కాల్చుకున్నది ఒక్క చెంబు నీళ్లతో పోయే దీనికే.