తొమ్మిది జట్ల డిఫెండరు

ఆ రోజు నేనెక్కిన రాజోలు బస్సు కొబ్బరికాయల లారీ వెనక అరగంటసేపు ఇరుక్కుపోయింది. ఒకవైపు కాలవ, ఇంకోవైపు ఆటోలు. దిగడానికీ చోటు లేదు. పక్కసీటాయన కుడికాలు మడవలేక నడవలోకి చాపుకున్నారు. ఫుట్‌బాల్ డిఫెండరట. గోవా, కలకత్తా, షిల్లాంగు, మస్కట్ అంటూ తొమ్మిది జట్లకు ఆడారట.

"అన్నిట్లో ఏ ఊరు బావుందండీ?" అన్నాను.

"ఊళ్ళెక్కడ చూసేనండి. ఎక్కడికెళ్ళినా మా గోల్ ముందు గీసిన గీతల్లోనే నిలబడ్డాను. ఇంక ఆట మానేసేనండి. అందుకే సాయంత్రం మా ఇంట్లో పాస్టరు గారి ప్రార్థనతో కృతజ్ఞత కూడిక పెట్టేరు."

అంతలో ఆయన ఫోన్ మోగింది. ఇంకో జట్టువాళ్ళు. "మోకాలు బాగానే ఉంది, వస్తాను" అని హిందీలో చెప్పారు. చెబుతున్నంతసేపూ ఆ మోకాలినే అరచేత్తో అదిమి పట్టుకున్నారు.

ఫోన్ పెట్టేసి, ఆయనే అన్నారు. "ఆ గీతలు దాటి బయటికొస్తే ఎక్కడ నిలబడాలో తెలీటం లేదండి."

"మరి కూడిక?"

"ఉంటుందండి. కృతజ్ఞతకి బదులు ప్రయాణం గురించి ప్రార్థన చెయ్యమని పాస్టరు గారికి చెప్పాలి."

కింద పెట్టిన నా సంచీ ఒళ్ళోకి తీసుకుని ఆయన కాలికి ఇంకాస్త చోటిచ్చాను. ఆ రోజు ఆఫీసులో ఇవ్వాల్సిన నా రాజీనామా కాగితం అందులో ఉంది. ఇప్పటికీ అందులోనే ఉంది.