పున్నయ్య పంతులు చూసిన ప్రూఫు

కారంపూడి చుట్టుపక్కల పున్నయ్య పంతులు పేరు తెలియనివాడు లేడు. వీధిబడి ఇసుకలో అక్షరాలు దిద్దుకున్నవాడు ట్రైనింగు పరీక్ష దాకా వెళ్ళాడు. ఆయన చేతికింద చదివినవాళ్ళు కరణాలయ్యారు, కోర్టు గుమస్తాలయ్యారు. దస్తావేజు రాయించుకున్న రైతు ముందు ఆయనకు చూపించి, ఆ తరువాతే రిజిస్ట్రీకి వెళ్ళేవాడు. ఇక వంకర వాక్యం కంటబడితే ఆయన చెయ్యి ఊరుకొనేది కాదు. శుభలేఖ ఇచ్చినా తప్పు దిద్దిన తరువాతే అక్షింతలు వేసేవాడు.

యుద్ధకాలంలో నరసరావుపేటలో ఒక హైస్కూలుకు తెలుగు పంతులు కావలసి వచ్చాడు. అక్కడి హెడ్మాస్టరు శివరామయ్య కబురు పెట్టాడు.

"పల్నాటి బళ్ళన్నిటికీ ఒకే ప్రశ్నపత్రం అచ్చేయిస్తున్నాం. ప్రూఫు మీరు చూడండి. ఇది సవ్యంగా దాటితే కమిటీలో మీ పేరు నేనే పెడతాను."

పున్నయ్య తన సర్వీసంతా ఎదురుచూసిన మాట అది.

ప్రశ్నలు బయటికి పొక్కకుండా పేటలో వాటిని అచ్చేసే ప్రెస్సులో ఒక పద్ధతి ఉండేది. చేతిరాత కాపీనీ అచ్చు ప్రూఫునూ పేలికలుగా కత్తిరించి పంచేవారు. ప్రశ్న తల ఒకరు చూస్తే మొండెం ఇంకొకరు చూసేవారు. కంపోజిటరు అబ్దుల్ మజీద్ ఒక పేలిక తెచ్చి ఇచ్చాడు. చదివేసరికి పున్నయ్య ముఖం ఎర్రబడింది.

"గడ్డి మేయుచున్న రైతు ఎద్దును చూచెను! ఏందయ్యా మజీదూ ఇది? మీ పేటలో రైతులు గడ్డి తింటారా?"

"ఈ రేషను రోజుల్లో తింటారేమో పంతులుగారూ. కాపీలోనే అట్టా ఉంది."

"ఆ బాలికలు బుద్ధిమంతుడు! రాసినాయనకు ఆడామగా తెలీదా?"

"రాసింది హెడ్మాస్టరుగారే. ఆయన్నే ఒక మాట అడిగితే పోద్దిగా."

"చాల్లే. అంతటి పెద్దమనిషి తప్పు ఆయనకే చూపించి పరువు తియ్యమంటావా?"

గడ్డిని రైతు నోట్లోంచి తీసి ఎద్దుకు పెట్టాడు. బాలికలను బుద్ధిమంతురాండ్రను చేశాడు. పేలిక మొత్తంలో ఒక్క వాక్యమూ వంకరగా మిగలలేదు.

పరీక్షనాడు పిల్లల చేతికి వచ్చిన కాగితంలో 'ఈ క్రింది తప్పు వాక్యములను సరిదిద్ది వ్రాయుము' అని ఉంది. దాని కింద అన్నీ నిక్షేపంలాంటి వాక్యాలు. ప్రశ్న అడిగాక తప్పు ఉండకపోదని నమ్మిన పిల్లలు ఎద్దును పక్కకు తోలి మళ్ళీ రైతు చేతనే గడ్డి మేపించారు. కాగితం కంట్రోలులో ఉన్న రోజులు, ఇంకోసారి అచ్చువేసి పరీక్ష పెట్టే దారి లేదు.

శివరామయ్య పున్నయ్యను కూర్చోమనలేదు.

"పిల్లలు దిద్దాలనేగదండీ పనిగట్టుకుని తప్పులు రాసింది! నన్నొక్కమాట అడిగితే ఏం పోయింది?"

పున్నయ్య ఆ కాగితం తీసుకుని, తన పేలికలో లేని పై వరస చదువుకున్నాడు.

"కమిటీవాళ్ళు వేరే ఆయన్ను వేసేశారు. మీరిక బస్సు చూసుకోండి."

కారంపూడిలో దిగి ఇంటికి చేరేసరికి భార్య బసవమ్మ వాకిట్లోనే ఎదురైంది.

"గేదెకు బేరం కుదిరిందయ్యా. పేటకు తోలుకుపోలేం గదా. రేపొచ్చి విప్పుకుపోతారంట."

"రావద్దని చెప్పు."

"ఏం? ధర చాలలేదా?"

పున్నయ్య కండువా దులిపి దండెం మీద వేశాడు.

"పాలు కావాలిగా. ఎప్పటికీ మనం ఉండేది ఇక్కడేగా" అన్నాడు.