డాక్టరమ్మ మా అమ్మను బయట కూర్చోమన్నాక

ఇంటర్ ఫస్టియర్‌లో ఒకరోజు కెమిస్ట్రీ క్లాసులో లేచి నిలబడేసరికి కళ్లు తిరిగాయి. బెంచీ పట్టుకునేలోపే వాంతి అయింది. తిన్నది పడలేదేమో అనుకున్నారు అందరూ. పొద్దున మా అన్న బీరువాలోని బ్రాందీ సీసా ఎత్తి తాగి వచ్చానని నాకొక్కదానికే తెలుసు.

మాది మేడ్చల్. నాయిన పోయాక ఇల్లు నడిపింది అన్నే. కంపెనీ వ్యాన్ డ్రైవర్. వాడకట్టులో అందరికీ మంచి పిల్లగాడు. ఇంట్లో మాత్రం ఫోన్ పట్టుకున్నా, కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చినా నన్ను బెల్టుతో కొట్టేవాడు. అమ్మ అడ్డం వచ్చేది కాదు. "వాడు గూడ ఇడిసిపెడితే మనకెవరున్నరే?" అనేది.

అంతకుముందు ఒకసారి దెబ్బల మంట ఓర్చుకోలేక ఆ సీసాలోంచి తాగాను. నొప్పి పోలేదు గానీ కాసేపు పట్టనట్టయింది. తర్వాత దెబ్బలు పడని రోజు కూడా కావాలనిపించేది. మత్తు దిగాక ఇంకా ఘోరంగా ఉండేది. నేను లేకపోతే అందరికీ పీడ పోతుందన్న ఆలోచన అప్పుడే వచ్చేది.

మేడ్చల్‌లో డాక్టర్ గ్యాస్ట్రైటిస్ అని టాబ్లెట్లు రాశాడు. వాంతులు తగ్గలేదు. పెద్దాసుపత్రిలో లివర్ చూడ్డానికి ఎల్ఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్ చేశారు. స్కానింగ్‌లో నడుము మీది వాతలు చూసి అడిగితే, "బాత్రూంల జారిపడ్డది మేడం" అంది అమ్మ. వాళ్లు నమ్మలేదు. సైకియాట్రీ ఓపీకి పంపారు.

అక్కడి డాక్టరమ్మ అమ్మను బయట కూర్చోమంది. తలుపు వేశాక, జ్వరం గురించి అడిగినంత మామూలుగా అడిగింది.

"ఇంట్లో ఎవరన్నా కొడుతున్నారా? తాగుతున్నావా? చచ్చిపోవాలనిపిస్తోందా?"

మూడింటికీ తలూపి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను.

"నీ తప్పేం లేదమ్మా. ఇది డిప్రెషన్, తగ్గుతుంది. కానీ దెబ్బలు ఆగకుండా మందులొక్కటే పనిచేయవు," అంది. అమ్మను పిలిచి అదే చెప్పింది. అమ్మ మందుల చీటీ తీసుకుంది.

మందులు, కౌన్సెలింగ్ మొదలయ్యాయి. కొంచెం కోలుకుంటుండగా అన్నకు టాబ్లెట్లు దొరికాయి. "పిచ్చి దవాఖానకు తీస్కపోయినవా? మన ఇజ్జత్ ఏంగావాలె?" అని అమ్మ మీద అరిచి, నన్ను కొట్టాడు. నేను మళ్లీ తాగాను. చచ్చిపోవాలన్న ఆలోచన ఈసారి ఇంకా గట్టిగా వచ్చింది. భయమేసి వంటింట్లోకి వెళ్లాను.

"అమ్మా, నాకు బతకబుద్ధి అయితలేదు. నన్ను ఒక్కదాన్ని ఉంచకు."

అమ్మ పొయ్యి ఆపింది. నన్ను పట్టుకుని, "నడువ్ బిడ్డా, పోదాం," అంది. ఆటోలో ఆసుపత్రికి వెళ్లేదాకా నా చెయ్యి వదల్లేదు. కొన్నాళ్లు అడ్మిట్ చేశారు. డిశ్చార్జ్ అయ్యాక మేం ఆ ఇంటికి పోలేదు. శామీర్‌పేటలో పెద్దమ్మ ఇంటికొచ్చాం.

ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మందులు తగ్గించారు, తాగడం మానేశాను. కొన్ని సాయంత్రాలు మనసు అటు లాగుతుంది, అప్పుడు అమ్మ పక్కన కూర్చుంటాను. అన్న మమ్మల్ని చూడ్డానికి రాలేదు, తాగుడు ఎక్కువైందని విన్నాం. అమ్మ వాడికిష్టమని చేపల పులుసు వండి, తినకుండా లేచిపోతుంది. నన్ను దక్కించుకోవడానికి ఆమె కొడుకును పోగొట్టుకుంది. ఆ బాధకు మా డాక్టరమ్మ దగ్గర కూడా మందు లేదు.

మీ పిల్లల్లో తేడా కనిపిస్తే, వేరుగా కూర్చోబెట్టుకుని ఆ మూడు మాటలూ సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే తిట్టకండి, ఒంటరిగా వదలకండి, అప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.