పడ్డ జొన్నకు అంబలి

దీపావళి పోయినంక నాకు కడుపు పోయింది. నెల తిరుగకముందే ఇంటికొచ్చినోళ్లందరు డాక్టర్లయిన్రు. బొప్పాయి తిన్నవా అని ఒకామె, బండి మీద కూసున్నవా అని ఇంకొకామె. ఆఖరికి అందరు చెప్పేది ఒక్కటే: ఫికర్ చెయ్యకు, మళ్ల అయితది. చెప్పి, చాయ్ తాగి పోయెటోళ్లు. కప్పులు నేనే కడుగుతుంటి. పోయిన పిల్ల సంగతి మాత్రం ఎవ్వరు ఎత్తలే. మా అత్త అయితే అసలే ఎత్తలే.

అందుకే పొద్దుగాల షేర్ ఆటో ఎక్కి, ఝరాసంగం తొవ్వల ఉన్న మా చేనుకు పోతుంటి. మాది తెల్లజొన్న. వాన లేకున్నా మంచుకే పెరుగుతది. చేన్ల నడిస్తె చీర మోకాళ్ల దాక తడుస్తది. గట్టు మీద కూసుంటె జొన్న ఏమనది. బొప్పాయి సంగతి దానికి తెల్వది. జరసేపు కూసుంటె పాణం నిమ్మళమైతుండె.

గింతల శూన్యం పండుగ వచ్చింది. మా దిక్కు చలికాలం అమాసకు చేస్తం. అప్పటికి జొన్న పొట్ట మీదుంటది, అంటే కడుపుతోని ఉన్నట్టే లెక్క. అందుకే బజ్జికూర, రొట్టె, అంబలి వండి తీస్కపోయి, చేను చుట్టు తిరుగుకుంట చల్లుతరు.

"నువ్వు ఇంట్లనే ఉండరాదే," అన్నది అత్త. ఎందుకో చెప్పలే. నేను సమజ్ కానట్టే అంబలి కుండ ఎత్తుకున్న. నాకు నిలువలే, దీనికి సీమంతమా అని ఆటోల ఉన్నంతసేపు జొన్న మీద కోపంగనే ఉండె. కుండ మాత్రం ఒలకనియ్యలే.

పోయి చూస్తె అడవిపందులు పడి ఒక మూలంత తొక్కినయ్. పొట్ట మీదున్న కర్రలు నేల మీద పడి ఉన్నయ్. మా ఆయన పందులను తిట్టిండు, ఫోన్ల ఫోటో తీసిండు, మళ్ల తిట్టిండు. ఆ ఫోటో ఎవరికి చూపిస్తడో ఆయనకే తెల్వాలె.

అత్త ముందట బజ్జి చల్లుకుంట పోతున్నది, ఎనుక నేను అంబలి. ఆ మూల కాడికొచ్చి ఆమె ఆగకుంట దాటింది. నేను ఆగి పొయ్యబట్టిన.

"పడ్డదానికెందుకే? నిలవడ్డదానికి చల్లు."

"దానికి గూడ కడుపైంది గదత్తా," అన్న. గొంతు మామూలుగనే వచ్చింది. కండ్లే ఆగలే.

అత్త ఎనుకకొచ్చింది. గంపల మిగిలిన బజ్జంత ఆ మూలకే చల్లింది. ఖాళీ గంప చంకల పెట్టుకొని, నా దిక్కు చూడకుంట అడిగింది.

"మనుమడా, మనుమరాలా?"

"అప్పుడే తెల్వదన్నరత్తా."

"ఊఁ," అన్నది. కొంగుతోని ముక్కు తుడుచుకున్నది.

గట్టు మీద తిననీకి కూసున్నం. రొట్టెలున్నయ్, కూర లేదు. మా ఆయన గంప వంచి చూసి, బజ్జేదే అమ్మా అన్నడు.

"పిల్లకు పెట్టినం," అన్నది అత్త.