వీరభద్రం బిందె పరీక్ష

వరంగల్ బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం నడిపే వీరభద్రం కంటితో చూసింది నమ్మడు, ఎదుటివాడు చెప్పింది అసలే నమ్మడు. బిందె ఎంత తళతళలాడనీ, వేలి కణుపుతో కొట్టి చెవొగ్గి విన్నాకే లోపలికి రానిస్తాడు. ఖంగుమంటే సరుకు. బొంగురుపోతే ఎక్కడో పగులున్నట్టు.

ఈమధ్య ఆయన అనుమానం మనవరాలి మీదికి మళ్లింది. పాకే వయసు పిల్ల. కోడలు తేజస్వి దాన్ని దుకాణంలోనే చాప మీద కూచోబెట్టి, గరిటెలూ మూతలూ ముందేసి ఆడిస్తుంటుంది. ఒకనాడు పొద్దున బిందె కొడుతూ గమనించాడు, పిల్ల తల తిప్పలేదు. వెనక నుంచి ఇంకోటి కొట్టాడు. ఊహూ. కంచు పళ్లెం కూడా మోగించాడు. పిల్ల మూత నాకుతూనే ఉంది.

పిల్లకు చెవులు వినబడవేమో! రోజూ దొంగచాటుగా కొట్టి చూడటం, రోజూ అదే వరస. కోడలు తెలిసే దాస్తున్నదేమోనని ఇంకో అనుమానం.

"చూడుండ్రి మామయ్యా, చెంచా గిన్నె కింద దాస్తే ఎట్ల ఎతుకుతాందో!" అన్నది తేజస్వి మురిసిపోతూ.

"కండ్లున్నయి గదా, ఎతుకుతది. చెవుల సంగతి చెప్పు."

"చెవులకేమైంది?"

"మోత చేస్తే తిరిగి చూస్తలేదు. రేపు హనుమకొండల దవాఖానకు పోదాం."

తేజస్వి ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూడలేక, అలవాటుకొద్దీ ఆయన పక్కనున్న కొత్త బిందెను కొట్టాడు. డొక్కుమన్నది.

పిల్ల చేతిలో గరిటె జారింది. గిర్రున తిరిగి చూసింది.

వీరభద్రం నమ్మలేదు. కొనడానికొచ్చిన గిరాకీ నీడేమన్నా పడిందేమోనని వాకిలి వైపు చూశాడు. ఎవరూ లేరు. మంచి బిందె కొట్టాడు, పిల్ల పట్టించుకోలేదు. పగులున్నదాన్ని కొట్టాడు; పాక్కుంటూ వచ్చి తానూ ఒకటి చరిచింది.

"పొద్దంత ఖంగు ఖంగుమని ఇనేదాయె, ఇంకేం చూస్తది మామయ్యా?" తేజస్వి కండ్లు తుడుచుకుంటూ నవ్వింది. "కొత్త మోత గాబట్టి చూసింది. మీ పరీక్షల మీ బిందెనే ఫెయిలైంది."

"అయినా ఒకపారి డాక్టరుకు చూపిద్దాం," అన్నాడు గానీ గొంతు తేలికపడింది. చాప మీద పాప ఎదుట కూచున్నాడు. పాప చూస్తుండగానే చెంచాను గిన్నె కింద పెట్టి, "ఏదే చెంచా?" అన్నాడు.

పాప గిన్నె వంక చూసింది. తాత ముఖం వంక చూసింది. ముందు ఆయన పిడికిలి పట్టుకుని వేళ్లు లాగి లాగి విప్పింది. అందులో ఏమీ లేదని తేలాకే గిన్నె ఎత్తింది.