గాలిమోటరు రేకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వడ్ల గుమ్మికి మూతగా ఒక తెల్లటి రేకు ఉండేది. ఎలుక పళ్లకు లొంగదు, తుప్పు పట్టదు, ఎత్తితే చాటంత బరువైనా ఉండదు. అంత మంచి మూత ఊళ్లో ఇంకెవరికీ లేదని మురిసిపోయేదాన్ని. అయితే జీపు చప్పుడు వినపడితే చాలు, మా తాతయ్య ఆ రేకును తీసుకెళ్లి గడ్డివాములో దోపేవాడు. జీపు ఊరు దాటేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు.

అది గాలిమోటరు రేకు. విమానాన్ని మా పెద్దవాళ్లు అలాగే అనేవారు. నేను పుట్టకముందు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, మడికొండ అవతల మా వానాధారపు చెలకలో ఒక మిలిటరీ విమానం కూలిందట. తర్వాత సిపాయిలు లారీల్లో వచ్చి ముక్కలన్నీ ఏరుకుని, ఒక్క మేకు దాచినా జైలుకే అని బెదిరించి పోయారట. అప్పటికే మా తాతయ్య ఆ రేకును ఇంటికి తెచ్చేశాడు. తిరిగి ఇవ్వాలంటే భయం, పారేయాలంటే భయం. ఆ రాజ్యం పోయింది, ఆ సిపాయిలూ పోయారు, భయం మాత్రం మా ఇంట్లోనే మకాం వేసింది.

ఒక ఏడు బతుకమ్మ పండుగకు ముందర, కాజీపేటలో రైలు దిగి ఒక పెద్దమనిషి మా ఊరికి వచ్చాడు. పంజాబు వైపు మనిషి. నెత్తిన తలపాగా, భుజాన సంచి, నోట్లో హిందీ. విమానం ఎక్కడ పడింది, అప్పుడు చూసినవాళ్లు ఎవరున్నారు అని ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాడు. ఊరంతా కూడబలుక్కున్నట్టు ఒకరు చెరువు వైపు చూపించారు, ఒకరు గుట్ట వైపు చూపించారు. పాపం, అతను ఎండలో పడి రెండు వైపులా తిరిగాడు.

మా తాతయ్య నన్ను అర్రలోకి పిలిచాడు. "ఎవలడిగినా మాకెర్కలేదని చెప్పు బిడ్డా. లేకుంటే నన్ను పట్టుకపోతరు" అన్నాడు. అసలే పుట్టు పిరికిదాన్ని. వీధిలో కుక్క మొరిగినా అతనే వస్తున్నాడనుకుని తలుపు చాటుకు పరుగెత్తేదాన్ని. బడిలో కూర్చున్నా, ఇంటికి వెళ్లేసరికి తాతయ్య ఉంటాడో ఉండడో అన్న ఆలోచనే.

పెత్రమాస వచ్చింది. చనిపోయిన పెద్దల పేరున ఆ రోజు పూజారి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇవ్వడం మా వైపు ఆనవాయితీ. మా నాయనమ్మ అరుగు మీద చాటలు వరుసగా పెట్టింది. అయ్యగారు ఒక్కో చాట దగ్గర ఎవరి పేరని అడగడం, ఆమె చెప్పడం. అందరివీ అయిపోయాక చివరి చాట దగ్గర, ఏటా చెప్పినట్టే, "ఇది గాలిమోటరాయనకు" అంది. చెప్పి చెప్పి అలవాటైపోయిన మాట, అలా వచ్చేసింది. తలెత్తి చూస్తే వాకిట్లో ఆ పెద్దమనిషి. తెలుగు రాకపోయినా, అన్ని ఇళ్లు తిరిగాక గాలిమోటరు అంటే ఏమిటో అతనికి తెలిసిపోయింది.

మా తాతయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను ఆయన ధోవతి పట్టుకుని ఏడుపు లంకించుకున్నాను. తలుపు తీసి ఉంది, లోపల గుమ్మి మీద రేకు తళతళా కనిపిస్తూనే ఉంది. నాయనమ్మ మాత్రం బెదరలేదు. కొంగు సర్దుకుని, తనకు వచ్చిన ఉర్దూలో, ఆయన నీకేమవుతాడని అడిగింది. అన్ని రోజులూ ఊరు తిరిగినా ఆ మనిషిని ఎవరూ అడగని ప్రశ్న అది.

మా అన్న, అన్నాడతను. రేకు వైపు చూడనే లేదు. అన్న చనిపోయాడని టెలిగ్రాం వచ్చిందట, అంతకు మించి ఏమీ తెలియదట. వాళ్లమ్మ తాను కన్నుమూసే దాకా ఒక్కటే అడిగిందట, ఆఖరి ఘడియలో నా కొడుకు దగ్గర ఎవరైనా ఉన్నారా అని. ఆ జవాబు కోసమే వచ్చానన్నాడు.

మా తాతయ్య అరుగు మీద కూలబడ్డాడు. తర్వాత "నేనున్న" అన్నాడు. పొగ చూసి చెలకకు ఉరికాడట. మనిషిలో ఇంకా ఊపిరి ఉందట. "నీళ్లు పోసిన, రెండు గుక్కలు మింగిండు. నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. పానం పోయేదాక నేను ఇడువలే." ఆయన చెబుతుంటే నాయనమ్మ ఉర్దూలో చెప్పింది. ఎందుకు ముట్టుకున్నావు, నువ్వే చంపావా అంటారేమోనని తాతయ్య ఈ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అందుకే ఆమె ఏటా ఒక చాట ఎక్కువ పెట్టేది.

అతను మా తాతయ్య చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. సంకెళ్లు పడతాయని అన్నేళ్లు వణికిన చెయ్యి అది. నాయనమ్మ అతన్ని అన్న పేరు అడిగి, నోరు తిరగని ఆ పేరును నాలుక మీద తిప్పుకుని, ఆ పేరునే చివరి చాటను అయ్యగారికి మళ్లీ ఇచ్చింది. ఆ తర్వాత రేకు గడ్డివాములోకి వెళ్లలేదు.

ఇప్పుడా చెలకలో ప్లాట్లు పడ్డాయి. టీచరుగా రిటైరయ్యాక ఆ విమానం చరిత్ర రాద్దామని, ఫోన్లో రికార్డింగ్ పెట్టుకుని ఊళ్లు తిరుగుతున్నాను. ఎక్కడికి పోయినా ముందు వచ్చే జవాబు "మాకెర్కలే". నేను రేకుల సంగతి అడగను. పక్కన కూర్చుని మా తాతయ్య నీళ్లు పోసిన కథ చెబుతాను. మొన్న మరిపెడలో ఉంటున్న మా ఊరి ఆడపడుచు అది విని కళ్లు తుడుచుకుంది. ఆ రోజు శవం మీద తన గొంగడి కప్పింది వాళ్ల నాన్నేనట. భయంతో బతికినంత కాలం ఆయనా బయటివాళ్లకు చెప్పలేదట. భయపడ్డవాళ్లు తప్పునే దాస్తారనుకుంటాం గానీ, చేసిన మంచిని కూడా దాచేస్తారు.

నా పిరికితనం ఈ వయసులోనూ పోలేదు. నేను చేరుకునేలోపే ఈ ముసలివాళ్లు వెళ్లిపోతారేమోనని ఇప్పటి భయం. కానీ పెత్రమాస నాడు, చివరి చాట దగ్గర అయ్యగారు ఎవరి పేరని అడిగినప్పుడు మాత్రం, గాలిమోటరాయన అసలు పేరు వీధి చివరిదాకా వినపడేలా చెబుతాను.