మొదటి గుండు చిన్నది

ఆళ్లగడ్డలో నేను చెక్కని దేవుడు లేడని మా వీధిలో చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే. నిజానికి నా బతుకంతా దేవుళ్ళ కింద పీఠాలు చెక్కడంతోనే సరిపోయింది. ముఖాలు మా నాయన చెక్కేవాడు, ఇప్పుడు నా కొడుకు చెక్కుతున్నాడు. నడుమ నేను పీఠం.

పోయిన ఏడాది పీఠం చెక్కుతుంటే ఒక అమ్మవారి కాలివేలు నా ఉలి కింద విరిగింది. విరిగిన విగ్రహం పూజకు పనికిరాదు, అతికించి ఇవ్వడం అంతకన్నా పాపం. రాయి పోయింది, మాట పోయింది. అప్పటినుంచి షెడ్డులో నాది నీళ్ళు పట్టే పని. కొడుకు మిషను కట్టరు తిప్పుతుంటే దుమ్ము లేవకుండా రాయి మీద పైపు పెట్టాలి. నీ చేతులు వణుకుతున్నాయంటాడు. నా చేతులు వణకవు. కొంచెం ఆలోచిస్తాయి, అంతే.

అట్లాంటి రోజుల్లో నంద్యాల నుంచి జీవశాస్త్రం చెప్పే టీచరమ్మ ఒకామె వచ్చింది. ఒక కణం పెరిగి రెండు కణాలు కావడాన్ని రాతిలో చెక్కి ఇవ్వాలట. పిల్లలు పుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పడుతున్నారని, చేత్తో తడిమి చూస్తే బుర్రకెక్కుతుందని ఆమె ఆశ. కాగితం మీద బొమ్మ తెచ్చింది. వరసగా మూడు గుండ్లు, తర్వాత నడుము నొక్కుకుపోయిన పొడుగు గుండు ఒకటి, చివర రెండు చిన్న గుండ్లు, అన్నిటి మీదా దారాల్లాంటి గీతలు. గుడి పనులు చేతినిండా ఉన్నాయని కొడుకు వద్దనబోయాడు. నేను అడ్డం పడ్డాను.

"నేను చేస్తా. గుండ్లకు వేళ్ళుండవు కదరా."

"సరే నాయనా. ఇది గాన బాగలేదని తిరిగొస్తే ఉలి, సుత్తి రెండూ నాకిచ్చేయాల. మళ్ళా అడగగూడదు."

ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేసేదేముంది?

కాగితంలో మొదటి మూడు గుండ్లకూ పొంతన లేదు. ఒకటి చిన్నది, ఒకటి మధ్యరకం, ఒకటి పెద్దది. మా పనిలో రెండు చేతుల్లో ఒకటి లావైతే అది విగ్రహమే కాదు. గీసినవాడికి పాపం చెయ్యి తిరగలేదనుకుని నేను సర్దేశాను. దారం పట్టి కొలిచి మూడింటినీ పెద్దదానితో సమానం చేశాను. టీకొట్టులో మాత్రం, మైక్రోస్కోపులో చూసి ప్రాణాన్నే చెక్కుతున్నానని చెప్పాను. మైక్రోస్కోపు ఎట్లుంటుందో నాకు తెలియదు.

టీచరమ్మ వచ్చి చూసింది.

"తాతా, మొదటి మూడూ ఒకే సైజులో ఉండాయే?"

"కాగితంలో కొలతలు తప్పు తల్లీ. గీసినోనికి చెయ్యి తిరగలా. నేనే సరిచేసినా."

"గీసింది నేనే."

వెనకాల కట్టరు ఆగిపోయింది. కొడుకు వింటున్నాడు.

"కణం పుట్టంగానే చీలిపోదు తాతా," అందామె. "ముందు తిని పెరుగుతాది. దాని కాలం చానావరకు పెరిగేదానికే పోతాది. లోపల దారాలుంటాయి, వాటిని ఒకటికి రెండు చేసుకుంటాది. అన్నీ సరిగ్గా ఉండాయా అని చూసుకుంటాది. యాడన్నా తెగింటే ఆగి బాగు చేసుకుంటాది. ఆ తర్వాతే దారాలను రెండు పక్కలకూ లాగి, నడుము నొక్కుకోని రెండవుతాది. పెరక్కుండా ఊరికే చీలతా పోతే సగమై, సగంలో సగమై, ఇంకేం మిగులుతాది?"

"రాయి అంతే గదమ్మా. చీలిస్తే సగమే."

"కణం రాయి కాదు తాతా."

నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా పెద్దదాన్ని చిన్నది చేసి బతికినవాణ్ణి. తీసేయడమే తప్ప చేర్చడం ఎరగను. నన్ను పట్టుకుని రాయిని పెంచమంటే?

"యాగంటిలో రాతి బసవన్న ఏటేటా పెరుగుతాడంట. ఆయప్పనే పిలుచుకోని రాపో," అన్నాను. ఆమె నవ్వింది. కొడుకు నవ్వలేదు.

"తిరిగొచ్చినట్లేనా నాయనా?"

అప్పుడు నాకు మెరుపులా ఒక ఉపాయం తట్టింది. కాదులెండి, చెప్పింది టీచరమ్మే. చివరి రెండు చిన్న గుండ్లు సరిగ్గానే ఉన్నాయి. మొదటి గుండూ అట్లాంటి ఒక చీలికలో పుట్టిందే కాబట్టి వాటంతే ఉండాలి. దాన్ని వాటంత చేసి, రెండోదాన్ని మధ్యరకం చేస్తే చాలు. అంటే పెరిగినట్టు కనిపించాలంటే నేను తగ్గించాలి.

మొదటి గుండు కుదిరింది. రెండోది అయిపోవచ్చిందనగా ఉలి జారింది. దారాలు మళ్ళీ చెక్కిన చోటే పెచ్చు లేచి ఎగిరిపోయింది. కోపంతో సుత్తి విసిరికొట్టాను. అది నీళ్ళ బకెట్లో పడి నా ముఖాన్నే తడిపింది.

కొడుకు వచ్చాడు. ఉలి కోసం చెయ్యి చాపుతాడనుకున్నాను. వాడు మోకాళ్ళ మీద కూర్చుని దుమ్ములో వెతకడం మొదలుపెట్టాడు.

"పెచ్చు యాడ పడింది?"

"అతికిస్తే పాపంరా."

"ఇది దేవుడు కాదు గదా. తెగింటే బాగు చేసుకుంటాదని ఆయమ్మ చెప్పలా?"

రాతిపొడి బంకలో కలిపి వాడే అతికించాడు. టీచరమ్మ మళ్ళీ వచ్చి తడిమినప్పుడు ఆమె వేలు అక్కడ ఆగింది. ఏమైందని అడిగింది. జారింది అన్నాను. ఆ ఒక్కసారి దానికేమీ కలపలేదు. ఆమె గుండ్లన్నీ ఆటోలోకి ఎక్కించుకుంది.

ఆటో మలుపు తిరిగాక కొడుకు బకెట్లోంచి సుత్తి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఉంచుకో. దేవుళ్ళు నాకు, రోళ్ళు నీకు."

ఇంత చేసి చివరికి రోళ్ళా! దేవుళ్ళను నేనే మానేశానని వీధిలో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు ఒక రోలు నడుస్తోంది. అంచు వంకరొచ్చింది. ఇంకొంచెం తగ్గించాలి.